అక్కకి ఎడమ పక్కన

మార్చి 2

తొంభై నిండాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లోకంలో అందరూ వయసు దాచుకుంటుంటే, మా పరుగు పందేల ముసలివాళ్ళం మాత్రం పుట్టినరోజు ఎప్పుడొస్తుందా అని పసిపిల్లల్లా కాచుకుని ఉంటాం. నిన్నటిదాకా ఎనభై అయిదు దాటినవాళ్ళ గుంపులో అందరికన్నా ముసలిదాన్ని నేను. ఈ రోజు నుంచి తొంభై దాటినవాళ్ళ గుంపులో అందరికన్నా చిన్నదాన్ని.

అక్క ఆ గుంపులోనే ఉంది. ఆవిడకి తొంభై రెండు.

కోడలు కేకు తెప్పించింది. వెనక వీధి నుంచి అక్క, అక్క కూతురు వచ్చారు. "రావే రా, నా గుంపులోకి రా. రెండేళ్ళుగా నువ్వు లేక తోచడం లేదు," అంది అక్క నన్ను కావలించుకుని. తోచకపోవడమేం, నేను లేక హాయిగా గెలుచుకుంది.

బడిలో గోనెసంచుల పందెం దగ్గర మొదలుపెట్టి, ఎప్పుడు పరుగెత్తినా నా ముందు ఒకటే వీపు. ఆ వీపు నాకు ఆవిడ మొహం కన్నా బాగా తెలుసు. గత రెండేళ్ళూ నా గుంపులో నేను మొదటిదాన్నే, కానీ అక్క లేని పందెంలో గెలుపు గెలుపు కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ వీపు నా వెనకాల ఉండాలి. మేలో పోటీలు. ఇది ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

కేకు కోయమంటే అక్క కత్తి కోసం బల్లంతా తడిమింది. కత్తి ఆవిడ ముందే ఉంది. కబుర్లలో పడి చూసుకోలేదు కాబోలు.

మార్చి 5

పొద్దున మైదానంలో విజిల్ మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టాడు. మాకు పరుగు నేర్పే ఈ మనిషి నోట్లో విజిల్ పెట్టుకునే మాట్లాడతాడు. సగం మాట, సగం ఈల. ఆ పేరు అక్కే పెట్టింది.

నేను ఎడమ, అక్క కుడి. ఎప్పుడూ అంతే. నా కుడి బూటు మడమ దగ్గర రబ్బరు ఊడింది. ఎన్నిసార్లు జిగురు పెట్టినా టప్ టప్ మంటూనే ఉంటుంది. "నీకన్నా ముందు నీ బూటొస్తుందే," అని నవ్వింది అక్క.

వంద మీటర్లు. బెత్తెడు తేడాతో ఆవిడే ముందు.

మార్చి 11

అక్క ఇంటికి వెళ్ళాను. టీ తనే పోసింది. కప్పు అంచులోకి వేలు వంచి పెట్టి, టీ వేలికి తగిలాక ఆపింది. కాలలేదా అంటే "నా వేళ్ళు ఇనప వేళ్ళే" అంది.

నేను లోపలికి అడుగుపెట్టగానే కోడలు కూడా వెనకే వచ్చిందని చెప్పేసింది. చూసి కాదు, విని. నేనేం ఆశ్చర్యపోలేదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు చెవులతో బతికిన మనిషి. గొంతు వినకుండా అడుగు విని మనిషిని పోల్చుకోగలదు. అది ఆవిడ గొప్ప అనుకుంటాం అందరం.

టీ చాలా బాగుంది. చక్కెర రెండుసార్లు వేసింది.

మార్చి 14

ఈ రోజు జరిగింది రాస్తే గానీ మనసు ఆగదు.

సగం దూరం పోయాక నా బూటు తాడు ఊడింది. ఆగి వంగాను. అక్క నాలుగడుగులు వేసి నెమ్మదించింది. తర్వాత తిన్నగా పోవలసిన మనిషి ఎడమకి, నేనున్న వైపుకి మళ్ళింది. చెయ్యి ముందుకి చాపుకుని, గాల్లో దేన్నో పట్టుకోబోతున్నట్టు. "ఏమే, ఎక్కడున్నావు?" అంది. నేను ఆవిడకి పట్టుమని పది అడుగుల దూరంలో కూడా లేను. ఎండ తెల్లగా కాస్తోంది.

"ఇక్కడే అక్కా, తాడు ఊడింది," అన్నాను. మొహం నా వైపు తిప్పి నవ్వింది. కళ్ళు మాత్రం నా భుజం మీంచి ఎటో పోయాయి.

నలభై ఏళ్ళు దర్జీ దుకాణంలో కత్తెర పట్టుకుని యూనిఫారాలు కోశాను. సుద్దగీత ఎక్కడుందో, కత్తెర ఎటు పోతోందో చూడటమే నా పని. అందుకే చెప్పగలను. అక్కకి గీత కనపడటం లేదు. అక్క నా బూటు చప్పుడు పట్టుకుని పరుగెత్తుతోంది. నా చప్పుడు లేకపోతే ఆవిడకి దారి లేదు.

ఎన్నాళ్ళ నుంచో.

మార్చి 15

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళావా అక్కా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మార్చి 22

మా వయసువాళ్ళు పరుగెత్తాలంటే డాక్టరు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్క నా మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉండి ఉంటుంది. డాక్టరు గుండె విన్నాడు, రక్తపోటు చూశాడు, మోకాళ్ళు వంచమన్నాడు. "మీ ఇద్దరి గుండెలూ నా గుండె కన్నా గట్టివి," అన్నాడు.

"అందరూ కాటికి కాళ్ళు చాపుకుంటారు డాక్టరుగారూ. మేం పరుగెత్తుకుంటూ పోదామని," అంది అక్క. ఆయన నవ్వుతూనే సంతకం పెట్టేశాడు. కళ్ళ మాట ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు. నేను గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

మార్చి 28

జలుబు చేసి రెండు రోజులు మైదానానికి పోలేదు. అక్క ఒక్కతే వెళ్ళిందట. మోకాలి కింద బెత్తెడు మేర గీరుకుపోయి వచ్చింది. తలుపు తగిలిందని చెప్పిందట కూతురికి.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. పిల్లేమిటి, అరవై దాటాయి. వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"పిన్నీ, నిజం చెప్పు. అమ్మకి చూపు బాగానే ఉందా?"

"నాకన్నా బాగా చూస్తుంది. నిన్న నా చొక్కాకి గుండీ ఊడితే తనే చెప్పింది," అన్నాను. గుండీ ఊడిన మాట నిజమే. చెప్పింది కోడలు.

"నువ్వుంటావు కదా పక్కన, అదే నా ధైర్యం."

"నేనెక్కడికి పోతాను?"

ఆ పిల్ల వెళ్ళాక కోడలు నన్ను అదోలా చూసింది. "అత్తయ్యా, మీకు ఒంట్లో బాగాలేదా? చెమట పట్టింది," అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం, నాకేం తెలుసు" అనేశాను. తను అడిగింది అది కాదు.

ఏప్రిల్ 4

ఎందుకు చెప్పలేదో ఒకసారి సరిగ్గా రాసుకోవాలి.

చెప్తే ఆపేస్తారు. అక్క నుంచి పరుగు తీసేస్తే కుర్చీలో కూలబడి ఆరు నెలలు బతకదు. అలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు. కాబట్టి చెప్పకపోవడం ఆవిడ మేలుకే.

ఇది నిజం.

ఇంకో నిజం కూడా ఉంది. చెప్తే మేలో అక్క ఉండదు. ఖాళీ వరుస పక్కన నేను పరుగెత్తాలి. మళ్ళీ అక్క లేని పందెం, మళ్ళీ గెలుపు కాని గెలుపు.

మొదటిదే అసలు కారణం.

ఏప్రిల్ 10

కొత్త బూట్లు కొన్నాను.

దుకాణం కుర్రాడు నాలుగు జతలు తీశాడు. ఒకటి వేసుకుని అటూ ఇటూ నడిచాను. అడుగు పడ్డట్టే లేదు. పిల్లి నడిచినట్టుంది. "ఇవే," అన్నాను. ఇంకా చవకవి ఉన్నాయమ్మా అన్నాడు పాపం. వద్దన్నాను.

మోకాళ్ళకి మెత్తగా ఉంటాయి. ఈ వయసులో గట్టి బూట్లతో పరుగెత్తకూడదని డాక్టరే చెప్పాడు ఎప్పుడో.

ఏప్రిల్ 11

మోకాళ్ళ కోసమే.

ఏప్రిల్ 19

మైదానంలో పాతవే వేసుకుంటున్నాను. కొత్తవి మట్టి కొట్టుకుపోతాయి, పోటీ నాటికి దాచుకోవాలి. అందరూ చేసేదే.

ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో వేసుకుని చూశాను. హాల్లోంచి వంటింట్లోకి పోతే కోడలు ఉలిక్కిపడి చేతిలో గిన్నె జారవిడిచింది. "ఎప్పుడొచ్చారత్తయ్యా, అలికిడే లేదు," అంది గుండె మీద చెయ్యేసుకుని.

నవ్వాను. నవ్వు ఆగలేదు కాసేపు. తర్వాత గదిలోకి వచ్చి బూట్లు విప్పి మంచం కిందకి తోసేశాను.

అక్క ఈ మధ్య మరీ నాకు దగ్గరగా పరుగెత్తుతోంది. "మీ వరుసలో మీరుండాలి పెద్దమ్మా," అని ఈల వేస్తున్నాడు విజిల్. పందెంలో గీత దాటితే లెక్కలోకి రారు. గాయం కాదు, ఏం కాదు, ఊరికే లెక్కలోంచి తీసేస్తారు. అంతే జరుగుతుంది. మహా అయితే పక్క వరుసలోకి పోతుంది, అంతే.

ఏప్రిల్ 27

పరుగు అయ్యాక గట్టు మీద కూర్చున్నాం. అక్క నీళ్ళు తాగి మూత పెట్టడానికి చాలాసేపు తిప్పలు పడింది. నేనే పెట్టాను.

"ఇదే ఆఖరు. మే తర్వాత ఇక పరుగెత్తను," అంది.

"ఎందుకని?"

"నీకొకటి చెప్పాలే. చాలా రోజుల్నుంచి చెప్దామనుకుంటున్నా. నా..."

"పోటీ అయ్యాక చెప్దువుగాని అక్కా. ఇప్పుడు మనసు చెదరకూడదు," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో.

ఆవిడ సీసా ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఎవరో పిల్లలు బంతి ఆడుతున్నారు, ఆ చప్పుడు వింటోంది. "సరే, అయ్యాకే చెప్తా," అంది. నా మోకాలి మీద తట్టింది.

చెప్పనిచ్చి ఉంటే నాకు తెలిసినట్టయ్యేది. తెలిశాక ఊరుకోకూడదు కదా.

మే 2

వరుసలకి చీటీలు తీశారు. మా పందెంలో ముగ్గురం. నాకు మూడు, అక్కకి నాలుగు, అయిదోది కర్రావిడకి. ఆవిడ చేతికర్రతో వచ్చి, పందెం మొదలయ్యే చోట కర్ర ఎవరికో ఇచ్చి పరుగెత్తుతుంది, మళ్ళీ కర్ర తెచ్చిచ్చేదాకా అవతల రెయిలింగు పట్టుకుని నిలబడుతుంది.

"నువ్వు నాకు ఎడమ పక్కనే కదా?" అని రెండుసార్లు అడిగింది అక్క. అవునన్నాను.

కొత్త బూట్లు సంచిలో పెట్టాను. పాతవి కూడా పెట్టాను. ఏవి వేసుకోవాలో అక్కడికి పోయాక చూసుకోవచ్చు.

మే 3

గెలిచాను.

మే 4

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పెన్ను కింద పెట్టేశాను. ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. దొంగకి తేలు కుట్టినట్టు బయట ఎవరితోనూ నోరెత్తలేను.

బట్టలు మార్చుకునే గదిలో అక్క నాకు వీపు చూపించి నిలబడింది, నంబరు గుడ్డ పిన్నులతో పెట్టమని. పెట్టాను. ఆ వీపే. ఎముకలు బయటికొచ్చి చిన్నపిల్ల వీపులా అయిపోయింది. అప్పుడు పాత బూట్లే వేసుకుందామనుకున్నాను, ఒట్టు. పాతవాటిని చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత ఆ వీపు ఇంకోసారి నా ముందు పరుగెత్తడం కళ్ళకి కట్టింది. కొత్తవి వేసుకున్నాను.

గీత దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. తన వరుసలో సరిగ్గా నిలబెట్టాను. ఆ మాత్రం చేశాను.

పందెం మొదలుపెట్టే తుపాకీ పేలింది.

మా వయసువాళ్ళు పరుగెత్తుతుంటే జనం మొదట్లో చప్పట్లు కొట్టరు. ఎవరైనా పడతారేమోనని ఊపిరి బిగబట్టి చూస్తారు. అంత నిశ్శబ్దంలో కర్రావిడ అడుగులు వినపడ్డాయి, అక్క అడుగులు వినపడ్డాయి. నావి నాకే వినపడలేదు. మొదటి పదడుగుల్లో అక్క నా పక్కనే ఉంది. ఆ తర్వాత లేదు. నా ముందు ఖాళీ వరుస, తెల్ల గీతలు, దూరంగా విజిల్. అక్కతో పరుగెత్తినప్పుడు ఎన్నడూ చూడలేదు నేను అంత ఖాళీ. ఎంత బాగుందో.

వెనకాల ఎవరో "పెద్దమ్మా, పెద్దమ్మా" అని అరిచారు. వరుసలు అయిపోయే చోట, లోపలి అంచున ఇనప పట్టీ ఉంటుంది, నేల నుంచి బెత్తెడు ఎత్తు. దానికి ఏదో తగిలిన చప్పుడు. తర్వాత చిన్న మూలుగు.

వెనక్కి తిరిగి చూడకూడదని విజిల్ నేర్పాడు. చూస్తే అడుగు తడబడుతుంది.

చూడలేదు. గీత దాటాను. చేతులెత్తాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ అటు పరుగెత్తుతున్నారు, విజిల్ కూడా నన్ను దాటుకుని అటే పోయాడు. అప్పుడు తిరిగాను.

అక్క నా వరుస దాటి, దాని పక్కవీ దాటి, ఇనప పట్టీ మీద పడి ఉంది. ఒక కాలు ఉండకూడని పక్కకి తిరిగి ఉంది.

దారి తప్పుతుందని నాకు తెలుసు. అంత దూరం పోతుందని తెలియదు.

తెలియదు.

మే 6

తుంటి ఎముక విరిగింది. నిన్న ఆపరేషన్. ఎముక అతికింది గానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నారు. ఈ వయసులో చెప్పలేమన్నారు.

వార్డు బయట బెంచీ మీద అక్క కూతురు నా పక్కన కూర్చుంది. ఆస్పత్రిలో కళ్ళు కూడా చూశారట.

"అమ్మకి రెండు కళ్ళూ దాదాపు పోయాయట పిన్నీ. ఏడాదికి పైనే అయి ఉంటుందట. నీకు తెలీదా?"

"తెలీదు."

"రోజూ పక్కనే పరుగెత్తావు కదా."

"పక్కన పరుగెత్తేవాళ్ళం. మొహాలు చూసుకునేవాళ్ళం కాదు," అన్నాను.

ఆ పిల్ల ఏడ్చింది. నా భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. కోడలు ఎదురుగా నిలబడి నా కాళ్ళ వంక చూస్తోంది. ఆ కొత్త బూట్లు తనకి తెలుసు.  ఇంటికొచ్చాక కంచం పెట్టి పక్క గదిలోకి పోయింది.

మే 7

అక్క మత్తులోనే ఉంది. మెడల్ ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చారు. బల్ల మీద పెట్టారు. అటు పోవడం మానేశాను.

మే 9

అక్కకి తెలివి వచ్చింది. నన్నొక్కదాన్నే రమ్మందట.

గదిలో ఆవిడ మంచం, ఒక కుర్చీ, కిటికీ. ముక్కుకి గొట్టం. మొహం గుప్పెడంత అయిపోయింది. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాను.

"గెలిచావటగా," అంది.

"ఊఁ."

"నువ్వు పుట్టాక నా మీద మొదటిసారి." నవ్వబోయి దగ్గింది. నీళ్ళు తాగించాను.

ఇక మోయలేననిపించింది. ఎవరికి చెప్పకపోయినా ఈవిడకి చెప్పాలనిపించింది. "అక్కా, నీకు కళ్ళు కనపడవని నాకు తెలుసు. మార్చి నుంచే తెలుసు," అన్నాను.

"నీకు తెలుసని నాకూ తెలుసే. తాడు ఊడిందన్నావే, ఆ రోజే. నీ గొంతు మారిపోయింది."

"ఎవరికీ చెప్పలేదు."

"అదే నువ్వు చేసిన గొప్ప ఉపకారం. చెప్పుంటే ఆ రోజే కుర్చీలో కూలేసేవాళ్ళు నన్ను. చెల్లెలంటే అట్లా ఉండాలి."

జారిన దుప్పటి పైకి లాగాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"నావల్లే దారి తప్పావక్కా," అన్నాను ఎలాగో. "నా చప్పుడు పట్టుకునే కదా నువ్వు..."

"దారి తప్పడమేమిటి?" అక్కకి కోపం వచ్చింది. ఆ గొట్టంతోనే, ఆ ఊపిరితోనే కోపం వచ్చింది. "వంద మీటర్లు తిన్నగా పోవడం నాకు రాదా? ఇరవై ఏళ్ళుగా పోతున్నా. గీత నా కాళ్ళకి తెలుసు. ఒక్కదాన్నే ఎన్నిసార్లు పోయానో అడుగు విజిల్‌ని."

"మరి మోకాలు?"

"అది నిజంగానే తలుపే. నీకూ నమ్మకం లేదూ?"

"మరి ఎందుకు అటు పోయావు?"

ముక్కుకున్న గొట్టం సర్దుకుంది.

"తుపాకీ పేలింది. కర్రావిడ అడుగులు వినపడుతున్నాయి. నీవి లేవు. ఒక్కటీ లేదు. కాసేపు చూశా, ఇప్పుడొస్తుందిలే, ఇప్పుడొస్తుందిలే అని. తొంభై ఏళ్ళ దానివి. గుండె ఆగి అక్కడే కూలిపోయావనుకున్నా. జనమేమో కిక్కురుమనరు. నాకు నడుం విరిగినట్టయింది. పందెం గిందెం వదిలేసి నీకోసం ఎడమకొచ్చా. చేతులు చాపుకుని వెతుకుతున్నా, ఎక్కడా తగలవు. ఇంకొంచెం అవతల పడ్డావేమోనని ఇంకొంచెం పోయా. అంతే, కాలికేదో తగిలింది."

దుప్పటి మీద ఆవిడ చెయ్యి అటూ ఇటూ కదిలింది. నా చెయ్యి దొరికేదాకా కదిలింది. దొరికాక గట్టిగా పట్టుకుంది.

"నీకేమన్నా అయిందా? ఎందుకని వినపడలేదు?"

"ఏమీ కాలేదక్కా," అన్నాను.

"పోనీలే. అదే చాలు," అంది.

నా చెయ్యి వదల్లేదు. అలాగే నిద్రపోయింది. నర్సు వచ్చి టైమైందన్నా లేవలేకపోయాను. బూట్ల సంగతి చెప్పలేదు. రేపు పొద్దున్న మళ్ళీ వెళ్ళాలి, రేపూ అడుగుతుంది, రేపూ నేను చెప్పలేను.